షుగర్ చీటీలో చిగుళ్లకు చోటేది?

షుగర్ కోసం ఆస్పత్రికి వెళ్తే రక్తం, మూత్రం పరీక్షిస్తారు. పాదాలు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు. నోరు తెరవమనే డాక్టర్లు అరుదు. పళ్ల డాక్టరేమో చాలాచోట్ల పన్ను పీకాల్సి వచ్చినప్పుడే షుగర్ సంగతి అడుగుతారు. మధుమేహులు 10 కోట్లు దాటిన దేశంలో ఈ ఎడం చిన్న లోపం కాదు.

ఎందుకంటే షుగర్, చిగుళ్ల జబ్బు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. షుగర్ అదుపు తప్పితే సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, పుండు త్వరగా మానదు. గార పట్టిన పంటి నుంచి చిగురు విడిపోయి, ఆ సందులో బ్యాక్టీరియా చేరి, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అక్కడి వాపు నుంచి పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది.

చిగుళ్లకు చికిత్స చేస్తే షుగర్ తగ్గుతుందా? అనేక ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2022లో జవాబు చెప్పింది. గార తీసి, చిగుళ్ల లోపలి భాగం శుభ్రం చేసిన మూడు నాలుగు నెలలకు రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్ల మేర తగ్గింది. మందులు మానేయదగ్గ తగ్గుదల కాదు గానీ, మందులకు తోడుగా వదులుకోదగ్గదీ కాదు. గుండె విషయంలో మాత్రం తొందరపడకూడదు. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నా, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు తప్పుతుందని ఇంకా రుజువు కాలేదు. కృత్రిమ కవాటం ఉన్నవారి సంగతి వేరు. నోటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరి కవాటానికి పట్టే ప్రమాదం ఉన్నందునే వారికి పన్ను పీకేముందు యాంటీబయోటిక్ ఇస్తారు.

చిగుళ్ల జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే ముదురుతుంది. రక్తం కనిపించగానే బ్రష్ పక్కనపెట్టి వేలితో పళ్లపొడి రుద్దేవారున్నారు. పళ్లు కదిలాక ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటారు. పీకిస్తే చూపు పోతుందన్న ఉత్త భయం ఒకటి. చివరికి పళ్లు పోతే జొన్నరొట్టె, పల్లీలు, పచ్చి కూరముక్కలు నమలలేక మెత్తగా వండిన తెల్లన్నమే దిక్కవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు తగ్గించుకోవాల్సింది సరిగ్గా దాన్నే.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం షుగర్, బీపీతోపాటు నోటి క్యాన్సర్ పరీక్షలూ చేయిస్తోంది. నోట్లోకి టార్చి వేసి తెల్లమచ్చలు, మానని పుండ్లు వెతుకుతారు. అదే వెలుతురులో వాచిన చిగుళ్లు, కదిలే పళ్లు చూసి రాసుకోవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. పళ్ల డాక్టరు దగ్గర గ్లూకోమీటరు ఉంటే, చిగుళ్ల కోసం వచ్చినవారిలో తెలియని షుగర్ బయటపడుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లోనే మొదలైంది, దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. అయినా పళ్ల డాక్టర్లు పట్నాల్లోనే పోగుపడ్డారు. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ప్రమాదాల్లో దెబ్బతింటే తప్ప పళ్ల వైద్యానికి డబ్బివ్వవు. గార తీయించుకోవాలంటే పల్లెవాసి కూలి పోగొట్టుకుని, చేతి డబ్బు పెట్టుకుని పట్నం రావాలి. జబ్బు గుర్తించి చికిత్స చూపకపోతే ఆ గుర్తింపు రికార్డులకే పనికొస్తుంది. అందుకే ఏడాదికోసారి చిగుళ్ల పరీక్షను షుగర్ వైద్యంలో చేర్చేముందు, మండలాలకు అందుబాటులో ఉండే సర్కారు ఆస్పత్రుల్లో డెంటల్ పోస్టులు నింపాలి. పని అక్కడే మొదలుకావాలి.