పతకం తెచ్చిన బిడ్డకు ఉద్యోగం సరే.. పతకం లేనివాళ్ల సంగతేంటి?

వరంగల్: 2024 సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టీ20 పరుగును 55.82 సెకన్లలో ముగించి జీవాంజి దీప్తి కాంస్య పతకం గెలిచారు. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. ఆమెది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు కూడా నెలకొల్పారు. పారిస్ నుంచి తిరిగొచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. జిల్లా మొత్తం సంబరపడింది. పడాల్సిందే.

అయితే దీప్తి చిన్నప్పటి మాటలు కూడా ఆ రోజుల్లోనే బయటికొచ్చాయి. ఊళ్లో కొందరు ఆమెను పిచ్చిది, కోతి అని వెక్కిరించేవారని, తీసుకెళ్లి అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చేవారని తల్లిదండ్రులే మీడియాకు చెప్పారు. కూలీ పని చేసుకునే కుటుంబం అది. బిడ్డను వదలలేదు. పాఠశాల పోటీల్లో ఆమె పరుగు చూసిన కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ సూచనతో సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు చేయించారు. ఆమె పరిస్థితికి ఒక పేరు, ఒక సర్టిఫికెట్ వచ్చాకే పారా క్రీడల తలుపు తెరుచుకుంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఇదే అమ్మాయికి పరుగు రాకపోయి ఉంటే? అదే ఊరు, అదే ఇల్లు, అదే మెదడు, కానీ పతకం లేదు. అప్పుడు ఆమెకు ఎవరు పని ఇచ్చేవారు? వరంగల్, హన్మకొండ బస్తీల్లో అలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. కొందరు ఇంటి గడప కూడా దాటరు.

ఏబులిజం అంటే ఏంటి?

కులం పేరుతో, మతం పేరుతో, ఆడ-మగ పేరుతో వివక్ష చూపిస్తారని అందరికీ తెలుసు. శరీరం, మెదడు పనిచేసే తీరును బట్టి మనిషిని తక్కువ చేసి చూడటాన్ని ఏబులిజం అంటారు. ‘కుంటోడు’, ‘గుడ్డోడు’, ‘మెంటల్’ అని పిలవడం అందులో బయటికి కనిపించే భాగం. కనిపించని భాగం ఇంకా పెద్దది. ‘వీడి వల్ల ఏమవుతుందిలే’ అని అడగకుండానే తేల్చేయడం. దరఖాస్తులో వైకల్యం అని చూడగానే ఆ కాగితం పక్కన పెట్టడం. రెండో అంతస్తులో ఆఫీసు పెట్టి, లిఫ్ట్ లేకుండా, ‘మాకు అందరూ సమానమే’ అనడం.

జాలి కూడా ఇందులోకే వస్తుంది. ‘బేచారా’ అనే మాట మన ఇళ్లలో ప్రేమతోనే వస్తుంది. కానీ పాతికేళ్ల యువకుడిని జీవితమంతా బేచారాగానే చూస్తే, అతను సంపాదించగలడు, ఇల్లు నడపగలడు అనే ఆలోచన ఎవరికీ రాదు. చివరికి అతనికీ రాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు. వారిలో ఏదో ఒక పని చేస్తున్నవారు 36 శాతం మాత్రమే. మగవారిలో 47 శాతం, ఆడవారిలో 23 శాతం. అంటే వైకల్యం ఉన్న ఆడపిల్లకు దారి రెండింతలు ఇరుకు.

తెలంగాణలో జరిగిన చర్చ

ఈ ఆలోచన చదువులేని వాళ్లలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. 2024 జూలైలో, దీప్తి పతకం గెలవడానికి కొన్ని వారాల ముందు, ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో పెట్టిన పోస్టు పెద్ద దుమారం రేపింది. ఆమె ఒకప్పుడు వరంగల్ మున్సిపల్ కమిషనర్‌గా కూడా పనిచేశారు. అఖిల భారత సర్వీసుల్లో క్షేత్రస్థాయి పని, ఎక్కువ గంటల శ్రమ ఉంటాయని, శారీరక దృఢత్వం కావాలని, అలాంటి సర్వీసుకు ఈ కోటా ఎందుకని ఆమె ప్రశ్నించారు. వైకల్యం ఉన్న పైలట్‌ను విమానయాన సంస్థ తీసుకుంటుందా, వైకల్యం ఉన్న సర్జన్‌ను నమ్ముతారా అని కూడా అడిగారు. మహారాష్ట్రలో పూజా ఖేడ్కర్ సర్టిఫికెట్ల వివాదం నడుస్తున్న రోజులవి.

హైదరాబాద్‌లో సివిల్స్ శిక్షణ ఇచ్చే మల్లవరపు బాలలత దీనిపై గట్టిగా స్పందించారు. ఆమె స్వయంగా వైకల్యం ఉన్న వ్యక్తి, సివిల్ సర్వీసులో పనిచేసినవారు. కావాలంటే ఇద్దరం కలిసి పరీక్ష రాద్దాం రమ్మని సవాలు విసిరారు.

దొంగ సర్టిఫికెట్ పెట్టిన వారిని పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒకరి మోసానికి అసలు హక్కుదారుల అర్హతనే ప్రశ్నించడం వేరే సంగతి. క్షేత్రస్థాయి పనికి కాళ్లు బాగుండాలన్న వాదనకు తెలంగాణ చరిత్రలోనే జవాబుంది. పసితనంలో పోలియో సోకిన ఎస్.జైపాల్ రెడ్డి 1969లో కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి గెలిచారు. చేతికర్రలతోనే దశాబ్దాల పాటు ఊరూరా తిరిగారు, కేంద్ర మంత్రి అయ్యారు. జనం సమస్యలు వినడానికి ఆయన నడక అడ్డం రాలేదు.

చట్టం ఏం చెబుతోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. ఆటిజం, మేధోపరమైన వైకల్యం, చదవడం-రాయడంలో ఇబ్బంది పెట్టే డిస్‌లెక్సియా లాంటి సమస్యలు, మానసిక అనారోగ్యం కూడా ఇందులో ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఇవ్వాలి. అందులో చూపు సమస్యలకు 1 శాతం, వినికిడి సమస్యలకు 1 శాతం, కదలికకు సంబంధించిన వైకల్యాలకు 1 శాతం. మిగతా 1 శాతం ఆటిజం, మేధోపరమైన వైకల్యం, డిస్‌లెక్సియా వంటివి, మానసిక అనారోగ్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి. రిజర్వేషన్‌కు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి.

చట్టంలో అసలైన బలం ఇంకోచోట ఉంది. మనిషి పని చేయడానికి వీలుగా, యజమానికి మోయలేని భారం కాకుండా, అవసరమైన చిన్న మార్పులు చేయాలని అది చెబుతుంది. ర్యాంప్, తెరపై రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పని వేళల్లో సడలింపు లాంటివి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి తనకు పరీక్ష రాసిపెట్టే సహాయకుడు కావాలని కోరిన కేసు అది. 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా వైకల్యం ఉన్న వ్యక్తికి ఇలాంటి సౌకర్యం నిరాకరించకూడదని కోర్టు తేల్చింది.

ఉద్యోగంలో చేరాక సమస్య వస్తే? దీనికి మన ఆర్టీసీ కేసే ఉదాహరణ. 2014లో డ్రైవర్‌గా చేరిన ఒకరికి తర్వాతి వైద్య పరీక్షల్లో రంగులు సరిగ్గా గుర్తించలేరని తేలింది. వేరే పని ఇవ్వమని అడిగినా ఒప్పుకోకుండా ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు సరిపడే వేరే ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. బస్సు నడపలేకపోవడం అంటే డిపోలో ఏ పనికీ పనికిరాకపోవడం అనే అర్థం కాదు కదా.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. పదిమంది చూస్తుండగా వైకల్యం ఉన్న వ్యక్తిని కావాలని అవమానించినా, బెదిరించినా ఈ చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

కనిపించని వైకల్యం

చక్రాల కుర్చీ కనిపిస్తుంది, చేతికర్ర కనిపిస్తుంది. ఆటిజం, డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ కనిపించవు. వీళ్లను ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు, అంటే మెదడు పనిచేసే తీరు చాలామందికంటే వేరుగా ఉన్నవారు అని. కనిపించదు కాబట్టి వీళ్లకు జాలి కూడా దొరకదు, తిట్లే దొరుకుతాయి. కళ్లలోకి చూసి మాట్లాడకపోతే ‘పొగరు’ అంటారు. రాతలో తప్పులు పోతే ‘సోమరి’ అంటారు. చెప్పింది మర్చిపోతే ‘ధ్యాస లేదు’ అంటారు.

ఉద్యోగాల్లో ఇలాంటివాళ్లు ఎక్కువగా ఇంటర్వ్యూ దగ్గరే ఆగిపోతారు. లెక్కలు గడగడా చేయగల కుర్రాడు, నలుగురు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగితే నోరు మెదపలేకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ 2013లో ఆటిజం ఉన్నవారి కోసం ప్రత్యేక నియామకాలు మొదలుపెట్టింది. తొలి అడుగు పడింది భారత్‌లోనే. లెమన్ ట్రీ హోటళ్లు 2007 నుంచి మాట, వినికిడి సమస్యలున్న వారిని, తర్వాత డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని కూడా పనిలో పెట్టుకుంటున్నాయి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ సీటు ఇవ్వలేదు. ఆయన కోర్టుకెళ్లి సాధించుకున్నారు, అమెరికాలోని ఎంఐటీలో చదివారు. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వైకల్యం ఉన్నవారికి ఉద్యోగాలు ఇస్తున్నారు.

మన దుకాణాల్లో ఏం చేయొచ్చు?

వరంగల్ ముస్లిం కుటుంబాల్లో ఎక్కువమంది పెద్ద కంపెనీల్లో లేరు. మెకానిక్ షెడ్లు, టైలరింగ్, బేకరీలు, వెల్డింగ్, పండ్ల వ్యాపారం, చిన్న చిన్న షాపులు. ఇద్దరో ముగ్గురో పనివాళ్లు ఉండే చోట ‘పాలసీ’ అనే మాట దూరంగా వినిపిస్తుంది. పైగా యజమాని భయం కూడా అబద్ధం కాదు. మిషన్ దగ్గర దెబ్బ తగిలితే ఎవరు జవాబుదారీ? పని నెమ్మదైతే కస్టమర్ ఆగుతాడా? ఈ ప్రశ్నలకు ‘మనసుంటే మార్గముంటుంది’ అని చెబితే సరిపోదు. పనిని విడగొట్టి చూడాలి.

టైలర్ షాపులో కత్తిరించడం, కుట్టడం, గుండీలు, ఇస్త్రీ, ప్యాకింగ్ వేర్వేరు పనులు. కత్తెర ప్రమాదమైతే గుండీలు, ప్యాకింగ్ ఉన్నాయి. బేకరీలో పొయ్యి దగ్గర వద్దనుకుంటే బాక్సులు సర్దడం, లెక్క రాయడం ఉన్నాయి. ఒకేసారి ఐదు పనులు చెప్పకుండా ఒక్కొక్కటి చెప్పాలి. మర్చిపోయేవారికి గోడ మీద బొమ్మలతో వరుస పెట్టాలి. శబ్దం భరించలేని వారిని రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు కూర్చోబెట్టాలి. వినపడని కుర్రాడికి ఆర్డర్ వాట్సాప్‌లో రాసి పంపాలి. ఇంటర్వ్యూ బదులు వారం రోజులు పని చేయించి చూడాలి, ఆ వారానికి కూలీ ఇవ్వాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఇంకో మాట. సగం జీతానికి దొరుకుతాడని పెట్టుకుంటే అది సాయం అనిపించుకోదు. చేసిన పనికి అందరికీ ఇచ్చే రేటే ఇవ్వాలి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. మదీనాలో అజాన్ ఇచ్చిన హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి)కు చూపు లేదు. తెల్లవారిందని పక్కవాళ్లు చెప్పాక ఆయన ఫజర్ అజాన్ ఇచ్చేవారని హదీసుల్లో ఉంది. పని ఆయనది, వేళ చెప్పే చిన్న సాయం పక్కవాళ్లది. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్లినప్పుడు మదీనా బాధ్యతలు కూడా ఆయనకు అప్పగించారు. జుమా రోజు మసీదు మెట్ల దగ్గర చేయి చాచిన మాజూర్ భాయికి సదకా ఇచ్చే అలవాటు మనకుంది. అదే భాయికి మన షాపులో ఏ పని సరిపోతుందని అడిగే అలవాటు ఇంకా రావాలి.

ఇంట్లోవాళ్ల బాధ్యత

‘పెళ్లి సంబంధాలకు ఇబ్బంది’, ‘చెల్లెలికి మాట వస్తుంది’ అనే భయంతో చాలా ఇళ్లలో పిల్లల పరిస్థితిని దాచిపెడతారు, సర్టిఫికెట్ కూడా తీయించరు. దాంతో చదువులో రాయితీ, రిజర్వేషన్ అన్నీ చేజారిపోతాయి. 2023లో నెలకు రూ.4,016కు పెంచిన రాష్ట్ర పింఛన్ కూడా అందదు. సదరం సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు యూడీఐడీ కార్డు వస్తోంది, దానికి దరఖాస్తు చేసుకోవాలి. హన్మకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మేధో వికలాంగుల సంస్థ పరీక్షలు చేస్తుంది, పని నేర్పిస్తుంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఆలస్యం చేయొద్దు. కుట్టు, ప్యాకింగ్, కంప్యూటర్, ఏది వస్తే అది పద్దెనిమిదేళ్లలోపే మొదలుపెట్టాలి. అమ్మానాన్న తర్వాత ఎవరు చూస్తారు అనే ప్రశ్నకు అన్నదమ్ముల దయ ఒక్కటే జవాబు కాకూడదు.

కల్లెడ బిడ్డను వెక్కిరించిన నోళ్లే తర్వాత ఆమె ఫ్లెక్సీల కింద నిలబడి ఫోటోలు దిగి ఉండొచ్చు. మార్పు పతకం కోసం ఎదురుచూస్తే అది వందలో ఒక్కరికి కూడా అందదు. మిగతా తొంభై తొమ్మిది మందికి కావాల్సింది నెలాఖరున చేతికొచ్చే జీతం, పేరు పెట్టి పిలిచే పని చోటు. అందులో ఒకటో రెండో వరంగల్‌లోని మన షాపుల్లోనే దొరకాలి.