లోపమును వెదకు విధము

రోగమేదియో తెలిసికొనక మందిచ్చు వైద్యుని ఎవరును మెచ్చరు. కాని యంత్రము మొరాయించినపుడు పెక్కుమంది చేయునది అట్టి వైద్యమే. ఇందుకు ఇంటిలోని చిన్న కంప్యూటర్లే మంచి నిదర్శనము.

ఇంగ్లండున రూపొందిన 'రాస్ప్‌బెర్రీ పై' అను చిన్న కంప్యూటరు 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు వచ్చెను. అరచేతిలో ఇముడు ఒకే పలకపై దాని ముఖ్యాంగములన్నియు అమరియుండును. బాలబాలికలు స్వయముగా కంప్యూటరు విద్య నభ్యసింపవలెనని కేంబ్రిడ్జిలోని ఎబెన్ అప్టన్ మొదలగువారు దానిని నిర్మించిరి. అట్టివి రెండింటిని ఇంటిలోని రౌటరునకు కలిపి, ఒకదానినుండి మరియొకదానికి వార్త పంపబోయిన విద్యార్థికి ఒక్కొక్కప్పుడు బదులు రాదు. వెంటనే అతడు తీగ మార్చును. రౌటరును ఆపి మరల నడుపును. మెమరీ కార్డులోని సమస్తమును తుడిచి క్రొత్తగా వ్రాయును. అదృష్టవశమున సంబంధము కుదిరినను, లోపమెచ్చట నుండెనో అతనికి తెలియదు. అదే లోపము రేపు మరల వచ్చినచో అతడు మరల నిస్సహాయుడే.

వివేకవంతుని మార్గము వేరు. అతడు క్రింది మెట్టునుండి ఆరంభించును. విద్యుత్తు చాలినంత అందుచున్నదా? తీగ తగిలించినచోట దీపము వెలుగుచున్నదా? యంత్రమునకు చిరునామా దొరకినదా? ఆ చిరునామా 169.254 అను అంకెలతో మొదలైనచో, రౌటరునుండి చిరునామా అందక యంత్రము తనకు తానే ఒకటి కల్పించుకొన్నదని సాధారణముగా గ్రహింపవచ్చును. రెండు యంత్రములకును ఒకే చిరునామా ఉన్నచో, ఒకే సంఖ్య గల రెండిండ్ల నడుమ తపాలా బంట్రోతు తికమకపడినట్లు వార్తలు దారి తప్పును.

పిమ్మట 'పింగ్' అను సాధనమున్నది. 1983లో అమెరికాలో మైక్ మూస్ రచించిన ఈ ప్రోగ్రాము, నూతిలోనికి కేకవేసి ప్రతిధ్వనికై చెవియొగ్గినట్లు, అవతలి యంత్రము పలుకునో లేదో చూచును. మొదట రౌటరును, పిదప రెండవ యంత్రమును పిలిచినచో, బదులు వచ్చినంతవరకు దారి సరిగానే ఉన్నదని తేలును. 'సంబంధము నిరాకరింపబడినది' అను సమాధానము వచ్చినను నిరాశ పడరాదు. దారి బాగున్నది, తలుపు మాత్రము మూసియున్నది. దూరమునుండి ప్రవేశించుటకైన ఎస్.ఎస్.హెచ్. ద్వారమును 2016 నవంబరునుండి ఈ కంప్యూటర్లలో భద్రతకొఱకు మొదట మూసియే ఉంచుచున్నారు. దానిని యజమానియే తెఱవవలెను.

"పని జరిగిన చాలదా? కారణముతో ఏమి ప్రయోజనము?" అని కొందరందురు. తొందర గలవానికి ఆ మాట చెల్లునేమో, విద్యార్థికి చెల్లదు. ఆ కంప్యూటరు విద్య నేర్పుటకే పుట్టినది. లోపము కలిగిన దినముననే అది అన్నిటికంటె ఎక్కువ నేర్పును. ఒక్కమారు ఒక్క మార్పే చేయవలెను. చేసినదానిని వ్రాసి ఉంచవలెను. ఫలితము చూచిన పిదపనే మరియొక అడుగు వేయవలెను. ఇట్లు అలవడిన ఓర్పు, ఆగిపోయిన మోటారు నొద్దను, తప్పిన లెక్క యొద్దను అక్కఱకు వచ్చును.