చెబితే ఫోన్ లాక్కుంటారని...

మీ నాలుగో తరగతి బాబు ఫోన్‌లో ఏదో చూసి భయపడ్డాడనుకోండి. లేదా గేమ్‌లో పరిచయమైన ‘అన్న’ ఎవరో, అమ్మ లేనప్పుడు ఫొటో పంపమన్నాడనుకోండి. ఆ సంగతి వాడు మీకు చెబుతాడా? చాలా ఇళ్లలో చెప్పడు. చెప్పిన మరుక్షణం ఏమవుతుందో వాడికి బాగా తెలుసు. ‘అందుకే ఫోన్ ఇవ్వొద్దన్నాను’ అని ఒకరు, ‘అంతా నీ గారాబమే’ అని ఇంకొకరు. చివరికి ఫోన్ బీరువాలోకి వెళ్తుంది. తప్పు చేసింది అవతలివాడు, శిక్ష పిల్లాడికి. మళ్లీ ఇలాంటిది జరిగితే వాడు నోరు విప్పుతాడా?

పిల్లల్ని మచ్చిక చేసుకునే మోసగాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ‘ఇంట్లో చెబితే నిన్నే తిడతారు’ అన్నది వాళ్ల పాత ఆయుధం. దానికి పదును పెట్టేది రోజూ మన నోట వచ్చే ‘ఫోన్ లాగేసుకుంటా’ అన్న బెదిరింపే. అందుకే పిల్లల ఆన్‌లైన్ భద్రతకు ఏ యాప్ మంచిదని అడిగేవారికి నా సమాధానం వేరు. ‘ఏం జరిగినా నాకు చెప్పు. చెప్పినందుకు ఫోన్ తీసుకోను, కోప్పడను’ అని ఈ వారమే మాటివ్వండి. టైమ్ అయిపోయిందనో, హోంవర్క్ చేయలేదనో ఫోన్ తీసుకోవచ్చు, అది వేరే సంగతి. నిజం చెప్పినందుకు మాత్రం తీసుకోవద్దు.

అలాగని సెట్టింగులు అక్కర్లేదని కాదు. ప్రైమరీ పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ ఉండదు. అమ్మదో నాన్నదో వాడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది. కానీ పిల్లాడు అమ్మ అకౌంట్‌తో యూట్యూబ్ తెరిస్తే, దాని దృష్టిలో అక్కడున్నది ముప్ఫై అయిదేళ్ల మహిళ. వీడియోలూ ప్రకటనలూ ఆ వయసుకు తగ్గట్టే వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. తొమ్మిదేళ్ల పాపకు పుట్టిన సంవత్సరం మార్చి రీల్స్ కోసం అకౌంట్ తెరిచిచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే పాత ఫోన్ ఒకటి పిల్లలకు కేటాయించి, వాళ్ల అసలు వయసుతో గూగుల్ అకౌంట్ తెరిచి, ఫ్యామిలీ లింక్‌తో మీ ఫోన్‌కు జోడించండి. చిన్నవాళ్లకు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ చాలు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్‌గా పిల్లాడి పుట్టినరోజు ఉంటే ఈరోజే మార్చండి. ఇవన్నీ మీ ఇంటి వరకే పనిచేస్తాయి. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్తే ఆ ఫోన్‌కు లాక్ కూడా ఉండదు. ఊరెళ్లిన రోజే ఓ పది నిమిషాలు ఆ ఫోన్ పట్టుకుని కూర్చోండి. పాపం పెద్దావిడను తప్పుపట్టి లాభం లేదు.

‘తెలియనివాళ్లతో మాట్లాడొద్దు’ అని అందరం చెబుతాం. పిల్లల మనసులో ‘తెలియనివాడు’ అంటే వీధి చివర నిలబడే భయంకరమైన మనిషి. ఫ్రీఫైర్ మ్యాక్స్‌లోనో రోబ్లాక్స్‌లోనో పది రోజులు కలిసి ఆడినవాడు వాళ్లకు ఫ్రెండే. కాబట్టి మనిషిని బట్టి కాక, అడిగేదాన్ని బట్టి గుర్తుపట్టడం నేర్పండి. ఫొటో అడిగినా, స్కూలు పేరు అడిగినా, డైమండ్లు ఫ్రీగా ఇస్తా మెసేజ్‌లో వచ్చిన నంబర్ చెప్పమన్నా, వేరే యాప్‌లోకి రమ్మన్నా, ఇంట్లో చెప్పొద్దన్నా వెంటనే మీ దగ్గరకు రావాలి. అన్నట్టు, యూనిఫాం, ఐడీ కార్డు కనిపించేలా పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టేది మనమే కదా!

మాటివ్వడం ఒక్కటే సరిపోదు, కొందరు పిల్లలు అప్పటికీ చెప్పలేరు. ఎంతో ఇష్టమైన గేమ్ ఒక్కసారిగా మానేయడం, మీరు గదిలోకి రాగానే స్క్రీన్ తిప్పేయడం, నిద్రలో ఉలిక్కిపడటం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పొద్దున్నే కడుపునొప్పి... వీటికి వేరే కారణాలూ ఉండొచ్చు. డాక్టర్‌కు చూపిస్తూనే, ఫోన్‌లో ఏం జరుగుతోందో కూడా మెల్లగా కనుక్కోండి.

పిల్లాడు నిజంగానే వచ్చి చెబితే, ముందు ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. ముఖంలో కంగారు కనపడనీయకండి, కష్టమే అయినా సరే. చాట్ డిలీట్ చేయొద్దు. అవతలి అకౌంట్ పేరు రాసుకుని బ్లాక్ చేయండి. పిల్లల అసభ్య చిత్రం ఏదైనా ఉంటే సలహా కోసమైనా సరే, బంధువులకు, స్కూలు గ్రూపుకు ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం ప్రకారం అది కూడా నేరమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. పిల్లలకు సాయం కావాలంటే 1098 ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన అసభ్య చిత్రాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. ఇదంతా అయ్యాక, ఆ సాయంత్రం వాడి ఫోన్ టైమ్ అయినప్పుడు ఫోన్ వాడి చేతికివ్వండి. పక్కన కూర్చోండి.