భుజం దగ్గర ఎముక విరిగితే ప్లేటే దిక్కా?

పెద్దవయసులో భుజం దగ్గర చేయి ఎముక విరిగితే ప్లేటు వేయించుకోవాల్సిందేనని, లేకుంటే చేయి లేవదని మీ ఆరోగ్య పేజీలో రాశారు. ఇది తప్పు. బ్రిటన్‌లో 250 మందిపై జరిపిన ‘ప్రాఫర్’ అధ్యయనం ఫలితాలు 2015లోనే వచ్చాయి. ఎముక పక్కకు జరిగినవాళ్లలో కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి స్లింగ్‌తో సరిపెట్టారు. రెండేళ్లు గమనించినా చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మా అమ్మకు నిరుడు ఇదే ఫ్రాక్చర్. స్లింగ్‌లో ఉంచి, నొప్పి తగ్గాక ముందుకు వంగి చేయి ఊపడం, గోడ మీద వేళ్లు పైకి పాకించడం రోజూ చేయించాం. ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది. మీ వ్యాసంలో ఫిజియోథెరపీ మాటే లేదు!

అందరికీ స్లింగ్ చాలదు, నిజమే. కీలు కూడా తప్పినా, ఎముక చర్మం చీల్చుకొచ్చినా, రక్తనాళం దెబ్బతిన్నా ఆపరేషన్ కావాలి. ఎముక నడిమి భాగం విరిగితే లెక్క వేరు. 2020లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో బ్రేస్ వేసినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ తేడాలేవీ చెప్పకుండా ‘ప్లేటే మార్గం’ అంటే భయపడి అప్పు చేసేవాళ్లుంటారు. దయచేసి సవరణ ప్రచురించండి.

– ఒక పాఠకురాలు, తెనాలి