మెట్ల కింద జై భీమ్

(మన ఉద్యమాలు, మన తప్పులు: తొమ్మిదో భాగం)

ఈ భాగం రాయాలా వద్దా అని పది రోజులు కొట్టుకున్నాను. ఈసారి తిట్టాల్సింది మనువాదుల్ని కాదు, మనల్ని. నన్ను కూడా.

జరిగింది ఇది. ఏప్రిల్ 14 ఏర్పాట్ల కోసం ఒక యూనివర్సిటీలో మన విద్యార్థి సంఘం వాళ్ళు మీటింగ్ పెట్టి నన్నూ పిలిచారు. డిపార్ట్‌మెంట్ బిల్డింగ్ మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నేను కాలిపర్ వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కాను. ఆ సంఘం జాయింట్ సెక్రటరీ ఒక చెల్లె. ఎంఏ రెండో సంవత్సరం, వీల్‌చైర్ మీద తిరుగుతుంది. ఆమె కింద వేపచెట్టు దగ్గర ఉండిపోయింది. "నువ్వు ఈడ్నే ఉండు చెల్లె, ఏం అనుకున్నమో వాట్సాప్‌ల పెడ్తం" అని చెప్పి పైకెక్కారట. టీ మాత్రం పంపించారు, బిస్కెట్లతో సహా. పైన మేం జై భీమ్ అన్నప్పుడల్లా కింద తనూ అన్నదట. గంటన్నర తర్వాత నేను దిగేసరికి అక్కడే ఉంది.

"అన్నా, నన్ను కమిటీల ఎందుకు ఏసిండ్రు?" అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? "మనోళ్ళే కదమ్మా, కొంచెం అడ్జస్ట్ కావాలె."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చిన్నప్పుడు బడి మెట్ల దగ్గర సారు నాతో అన్న మాట. హాస్టల్లో బాత్రూం దూరముందంటే వార్డెన్ అన్న మాట. "కొంచెం అడ్జస్ట్ కావాలె." మన తాతలకి ఊరి బావి దగ్గర పెద్దలు చెప్పింది కూడా ఇదే కదా! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడ. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి నా ఎడమ కాలు పడిపోయింది. పోలియో. ఆ వైరస్ మలం కలిసిన నీళ్ళ ద్వారా నోట్లోకి పోతుంది. ఊరి మురికి మొత్తం పారేది మా వాడ దిక్కే. చుక్కల మందు వేసే నర్సమ్మ ఊరి నడుమ కూర్చునేది, మా అమ్మ ఆ పొద్దుకి నాట్లకు పోయేది. వైరస్‌కి కులం లేదు నిజమే, నీళ్ళకు ఉంది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చారు. సంతోషం. పోయే లోపు అది ఎవరి వాడల్లో ఎక్కువ కాళ్ళు తిన్నదో ఎవరైనా లెక్క తీశారా? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.21 శాతం, దళితుల్లో 2.45 శాతం. ఆ తేడా చిన్నదనిపిస్తే మీరు మా ఊరికి రండి.

అందుకే "వైకల్యానికి కులం లేదు" అనే మాట వింటే నాకు మండుతుంది. కులానికి, వైకల్యానికి ఈ దేశం చెప్పే కారణం ఒక్కటే, పోయిన జన్మల చేసుకున్న పాపం. మాదిగ ఇంట్ల ఎందుకు పుట్టినవురా అంటే కర్మ. కాలు ఎందుకు పోయిందిరా అంటే కర్మ. నాకు రెండు కర్మలూ ఒకే జన్మలో కలిసొచ్చాయి! పేర్లు పెట్టడంలో కూడా అదే తెలివి. మనల్ని ముట్టుకోనోళ్ళే "హరిజనులు" అన్నారు. 2015 డిసెంబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో "దివ్యాంగులు" అనమన్నారు. బావి దగ్గరికి రానివ్వకుండా దేవుని బిడ్డవి అన్నట్టే, ర్యాంపు కట్టకుండా నీది దివ్యమైన అంగం అంటున్నారు. నా కాలిలో దివ్యమేమీ లేదు. చలికాలం నొస్తది, అంతే.

ఇప్పుడు లీడర్ల సంగతికొద్దాం. ప్రతి డిసెంబర్ 3 చుట్టూ ఏదో ఒక మంచి హోటల్లో "వికలాంగ యువ నాయకత్వ శిక్షణ" జరుగుతుంది. నేనొకసారి పోయాను. ఇంగ్లీషులో ఈమెయిల్ రాయగలిగిన పిల్లలే ఎంపికయ్యారు. మంచి పిల్లలే, వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా వంతు వచ్చినప్పుడు నిర్వాహకురాలు పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగా, "సర్, మీ స్టోరీ చెప్పండి, కాస్ట్ మాత్రం వద్దు, ఈ వేదిక అందరిదీ" అన్నారు. అందరిదైన వేదిక మీద నా వాడకు చోటు లేదు. కాలు చూపించి ఏడిపించొచ్చు, ఆ కాలు ఎట్లా పోయిందో చెప్పొద్దు.

"మా గురించి మేం లేకుండా ఏదీ వద్దు" అనేది ప్రపంచమంతా వికలాంగుల ఉద్యమం నినాదం. 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 4(3) అధికరణలో ఆ భావం చట్టభాషలో ఉంది. మన దేశం 2007లోనే దాన్ని ఆమోదించింది. నా ప్రశ్న ఒక్కటే. "మేం" అంటే ఎవరు?

కోర్టు ఈ "మేం"ని ఎట్లా చూసిందో రెండు తీర్పుల్లో చూడండి. లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇవి తప్పకుండా చదవాలి. మొదటిది 2020 జూలైలో వచ్చిన ఆర్యన్ రాజ్ కేసు. చండీగఢ్ ఆర్ట్ కాలేజీలో సీటు కోసం ఒక వికలాంగ విద్యార్థి వేసింది. ఎస్సీలకు ఆప్టిట్యూడ్ టెస్టులో 35 శాతం మార్కులు చాలన్నారు కాబట్టి, వికలాంగులకూ అదే సడలింపు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. కానీ ఎస్సీ ఒకవైపు, వికలాంగుడు ఇంకోవైపు నిలబడి పోల్చుకునే ఆ తక్కెడలో, రెండూ అయినవాడు ఏ పళ్ళెంలో కూర్చోవాలి? ఆ ప్రశ్న అక్కడ రాలేదు. 2016 చట్టం ఉన్నత విద్యలో 5 శాతం, ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. ఆ 4 శాతం లోపల ఎస్సీలకు ప్రత్యేక వాటా లేదు. కోచింగ్ కొనుక్కోగలిగిన ఇంటి వికలాంగుడు, సదరం క్యాంపుకి పోవడానికి ఆటో డబ్బులు లేని ఇంటి వికలాంగుడు అక్కడ ఒకే గీత మీద పరిగెత్తాలి. పరిగెత్తాలి అనే మాట ఎట్లా వాడుతున్నానో చూశారా!

రెండో తీర్పు మన తెలుగు నేలది. పటాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 2021 ఏప్రిల్ 27. పుట్టుకతో చూపు లేని, పంతొమ్మిదేళ్ళ దళిత అమ్మాయి మీద 2011లో అత్యాచారం జరిగింది. దళితురాలు, స్త్రీ, అంధురాలు అనే మూడూ విడివిడిగా కాక ఒకదాన్నొకటి పెనవేసుకుని పనిచేస్తాయని సుప్రీంకోర్టు పేజీలకు పేజీలు రాసింది. చదువుతుంటే కళ్ళు చెమర్చుతాయి. నేరస్తుడి యావజ్జీవం అట్లాగే ఉంచింది. కానీ చివరికొచ్చేసరికి, ఎస్సీ అయినందుకే ఈ నేరం చేశాడనడానికి సాక్ష్యం లేదని ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. అప్పటి చట్టంలో ఉన్న పదాలు అట్లాంటివి, తర్వాత సవరించారు, కోర్టు కూడా ఆ సంగతి చెప్పింది. అయినా నా బాధ అదే. మూడు ముళ్ళూ ఒకే తాడువని చెప్పిన చేత్తోనే ఒక ముడి విప్పి పక్కన పెట్టారు. ఈ తీర్పు మీద మన క్యాంపస్‌లలో ఎన్ని మీటింగులు పెట్టాం? నేనైతే ఒక్కటీ పెట్టలేదు.

"మనోళ్ళు పట్టించుకోలేదా, పింఛన్ల పోరాటం ఎవరిది?" అంటారు. నిజమే. దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగ అన్నే వికలాంగుల హక్కుల పోరాట సమితినీ నడిపాడు. మాదిగ ఉద్యమం నేర్పిన పద్ధతిలోనే, ట్రైసైకిళ్ళ మీద, కర్రల మీద వేలమందిని రోడ్డెక్కించాడు. ఒకప్పుడు వందల్లో ఉన్న పింఛను తెలంగాణలో 2023 నాటికి 4016 అయింది, ఆంధ్రలో 2024 నుంచి 6000. తెలంగాణలో ఇప్పటి అధికార పార్టీ 6000 అని 2023 ఎన్నికల్లో మాటిచ్చింది. ఇవి ఏ హోటల్ శిక్షణలోనూ రాలేదు, ధర్నాలో వచ్చాయి. మా ఇంట్లో ఆ పైసలతో బియ్యం వచ్చాయి కాబట్టి తక్కువ చేసి మాట్లాడను. కానీ పింఛను దగ్గరే మన ఊహ ఆగిపోయింది. వికలాంగ పిల్లవాడు అంటే ధర్నాలో ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటో తీయించాల్సినవాడు, మైకు ఇవ్వాల్సినవాడు కాదు. మా జిల్లా ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామి ఫొటో మీరందరూ చూసుంటారు. ఆయన ఏం మాట్లాడాడో మీలో ఎంతమందికి గుర్తుంది?

జి.ఎన్. సాయిబాబాకు ఎవరూ నాయకత్వ శిక్షణ ఇవ్వలేదు. అమలాపురం ప్రాంతపు పేద ఇంటి బిడ్డ, అయిదేళ్ళకే పోలియో, ఉద్యమాల్లో తిరిగి నాయకుడయ్యాడు. ఆయన రాజకీయాలతో నాకు తేడాలున్నాయి, అది వేరే చర్చ. రాజ్యం మాత్రం ఆయన్ని దివ్యాంగుడు అనలేదు, ప్రమాదకారి అని నాగపూర్ జైలు అండా సెల్‌లో పెట్టింది. 2024 మార్చిలో నిర్దోషిగా విడుదలై, అక్టోబర్ 12న నిమ్స్‌లో చనిపోయాడు. ఆరోజు మీరందరూ డీపీలు మార్చారు. ఆ వీల్‌చైర్ మీ మూడో అంతస్తుకి ఎట్లా వచ్చేదో ఆలోచించారా?

ఇంకో మాట, మన నినాదాల గురించి. "గుడ్డి ప్రభుత్వం", "చెవిటి ప్రభుత్వం", "కుంటిసాకులు మానండి". నేనూ అరిచాను, పాతికేళ్ళు. కులం పేరు తిట్టుగా వాడితే కేసు పెట్టే మనం, పక్కన చూపులేని తమ్ముడు నిలబడి ఉండగా గుడ్డి అని గొంతు చించుకుంటాం. వాడు కూడా మనతోపాటు అరుస్తాడు. వాడికి మన తప్ప ఇంకో సంఘం లేదు మరి.

చెల్లె రాజీనామా చేస్తుందేమో అనుకున్నాను. చేయలేదు. కమిటీకి లెటర్ రాసింది. "నేను పోను. మీటింగే కిందికి రావాలె" అని. మినిట్స్‌లో ఆ లెటర్ చేర్చమంది. చేర్చలేదు. నిన్న గ్రూపులో మళ్ళీ మెసేజ్ వచ్చింది: ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, వెన్యూ అదే రూము.

అధ్యక్షుడు తమ్ముడిని ఈ పోస్టుకి ట్యాగ్ చేస్తున్నాను. తమ్మీ, కోపమొస్తే రానీ, ఫోన్ మాత్రం ఎత్తు. ఆదివారం నాలుగింటికి నేనూ వస్తున్నా. ఈసారి పైకెక్కను. వేపచెట్టు కింద చెల్లె పక్కన కూర్చుంటా. ఎజెండా కాగితం, కుర్చీలు మీరే కిందికి తెచ్చుకోండి.

పదో భాగం ఆ మీటింగ్ అయినంక.

జై భీమ్.