గుడి ఎవరు కట్టారన్నది కోర్టుకు పట్టలేదు

థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో ఫిరంగులు మోగినప్పుడల్లా మన టీవీ చర్చలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ప్రేహ్ విహియర్ శివాలయాన్ని కట్టింది ఖ్మేర్ రాజులే కదా, ఇంకా తగువెందుకు? కట్టింది వాళ్లే, అందులో వివాదమే లేదు. అక్కడి దేవుడు శిఖరేశ్వరుడని శాసనాలే చెబుతున్నాయి (శ్రీశైలం గుర్తొచ్చి మనం మురిసిపోవడం వేరే సంగతి). కానీ హేగ్‌లో కేసు తేలింది దానిమీద కాదు.

1962 జూన్ 15న తీర్పు చెబుతూ అంతర్జాతీయ న్యాయస్థానం చారిత్రక, మత, పురావస్తు వాదనలను ఒక్క వాక్యంలో పక్కన పెట్టేసింది. చట్టం దృష్టిలో అవి నిర్ణాయకం కావంది. 9–3తో గుడి కంబోడియాదని తేల్చడానికి ఆధారమైంది ఒక పటం. 1904 ఒప్పందం ప్రకారం అక్కడ సరిహద్దు డాంగ్రెక్ కొండల జలవిభాజకం వెంట పోవాలి. అప్పట్లో కంబోడియాను ఏలుతున్న ఫ్రెంచి అధికారులు గీసిన పటం మాత్రం గుడిని కంబోడియా వైపు చూపింది. 1908లో అది చేతికందాక సియాం (నేటి థాయ్‌లాండ్) అభ్యంతరం చెప్పలేదు సరికదా, అంతర్గత వ్యవహారాల మంత్రి, రాజకుమారుడు డామ్రోంగ్ మరో 15 ప్రతులు పంపమన్నాడు.

అసలు విశేషం 1930 నాటిది. అప్పటికి డామ్రోంగ్ మంత్రి కాదు, పురాతన కట్టడాల బాధ్యత చూసే రాజసంస్థకు అధ్యక్షుడు. ఆ హోదాలోనే గుడి చూడబోయాడు. అక్కడ ఫ్రెంచి జెండా ఎగురుతుండగా ఫ్రెంచి అధికారి ఎదురొచ్చి స్వాగతం పలికాడు. సియాం అప్పుడూ కిమ్మనలేదు. ఆ మౌనాన్ని కోర్టు కంబోడియా సార్వభౌమత్వానికి ఒప్పుకోలుగా చదివింది. పురావస్తు సాక్ష్యాన్ని కాదన్న న్యాయమూర్తులే ఒక పురావస్తు యాత్రను సాక్ష్యంగా తీసుకున్నారు! గుడికి 2008లో కంబోడియా ప్రపంచ వారసత్వ హోదా అడిగినప్పుడు బ్యాంకాక్ అంత ఉలిక్కిపడడానికి కారణం, వారసత్వ వ్యవహారంలో వేసే అడుగు కూడా సార్వభౌమత్వానికి ఒప్పుకోలవుతుందన్న ఈ భయమే. ఆ దరఖాస్తుకు మద్దతుగా సంతకం చేసిన థాయ్ విదేశాంగ మంత్రి నోప్పడోన్ పట్టమ పదవి పోగొట్టుకున్నాడు.

జలవిభాజకం ప్రకారం గుడి తమదేనన్న థాయ్ వాదనలో పస లేదనను. కానీ పటంలోని తేడా 1934–35 సర్వేలో బయటపడ్డాక కూడా నోరు విప్పని రాజ్యం తర్వాత కొండవాలు చూపిస్తే ఎవరు వింటారు?

1962 తీర్పుకు అర్థం చెబుతూ అదే కోర్టు 2013 నవంబర్ 11న ఇచ్చిన వివరణ తీర్పును మనవాళ్లు 'గుడి చుట్టూ ఉన్న కొండకొమ్ము కూడా కంబోడియాదే' అనడంతో సరిపెట్టారు. అందులోనే ఇంకో మాట ఉంది. వారసత్వ ప్రదేశంగా గుడి రక్షణకు రెండు దేశాలూ తమలో తాము, అంతర్జాతీయ సమాజంతోనూ సహకరించుకోవాలని, దానికి ఉద్దేశపూర్వకంగా హాని చేయరాదని కోర్టు చెప్పింది. అది ఉత్త హితబోధ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కోర్టు దాన్ని ప్రపంచ వారసత్వ ఒప్పందం ఆరో అధికరణానికి ముడిపెట్టింది, రెండు దేశాలూ ఆ ఒప్పందంలో సభ్యులే. కాబట్టి గుడి పక్కన మోర్టార్లు పెడితే కంబోడియా సైన్యానికీ, అటు గురిపెడితే థాయ్ సైన్యానికీ ఆ బాధ్యత వర్తిస్తుంది. ఈ గుడి కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ పరిరక్షణ కమిటీకి చైనాతో కలిసి సహాధ్యక్షత వహిస్తున్న ఢిల్లీ విచారం వ్యక్తం చేసి ఊరుకోకుండా, ఆ అధికరణం పేరెత్తి ఇద్దరినీ నిలదీయాలి.