కోటలో ఊరుంది!

గిద్దలూరు నుంచి కారులో గండికోటకు వెళ్లాలంటే పోరుమామిళ్ల, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు చేరాలి. అక్కణ్నుంచి 15 కిలోమీటర్లే. చాలామంది నేరుగా పెన్నా లోయ దగ్గరికెళ్లి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. లోయ చూడాల్సిందే, అంచున పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.

అయితే ఇది ఒకప్పుడు పెమ్మసాని నాయకులు ఏలిన పట్టణం. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో మీర్ జుమ్లాను కలిసింది ఇక్కడే. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం పిల్లలకు తాపీగా చూపించండి.

కోటగోడల లోపల ఇప్పటికీ కొన్ని కుటుంబాలు కాపురముంటున్నాయి. వాళ్ల వాకిట్లో ఖాళీ సీసాలు పడేసి రాకండి. మనకది విహారయాత్ర, వాళ్లకది సొంతూరు!